పాత ఓడకు ముందు పందిరి

సూరత్ నుంచి హజీరా వెళ్లే రోడ్డు మీద ఇచ్ఛాపూర్ దాటితే వజ్రాల పరిశ్రమ పార్కు వెనకబడి, ఉక్కు కర్మాగారాలు, గ్యాస్ టెర్మినళ్లు, ఓడల యార్డు కనిపించడం మొదలవుతాయి. తాపీ నది అరేబియా సముద్రంలో కలిసేది ఇక్కడికి దగ్గర్లోనే. ఇప్పుడు ఈ తీరాన తయారయ్యేవన్నీ లోహపు ఓడలే. మూడు వందల ఏళ్ల కిందట ఇదే నది ఒడ్డున టేకు ఓడలు కట్టేవారు. అవి తరాల పాటు మన్నుతాయని దూరదేశాల నావికులు కూడా చెప్పుకునేవారు. అలాంటి చెక్క ఓడ, చిన్నదే అనుకుందాం, తెరచాప పోయి, కొయ్య విరిగి, రంగు ఊడి ఏదో కయ్య ఒడ్డున బురదలో ఒరిగి ఉంది. దాన్ని కొద్దిపాటి డబ్బుతో మళ్లీ నిలబెట్టవచ్చా? నిలబెట్టవచ్చు. అయితే ఆ డబ్బు ఏ వరసలో ఖర్చవుతుందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. మొదటి రూపాయి రంగుకో, కొత్త పలకలకో, ఇంజనుకో పోతే ఆ ఓడ దక్కదు. ఓడ మీద వాన పడకుండా, ఎండ తగలకుండా పందిరి వెయ్యడానికి పోతే దక్కుతుంది. ఇది తేలికగా కొట్టిపారేసే సలహాలా అనిపిస్తుంది గానీ, చెక్క ఓడల చరిత్ర, చెక్క శాస్త్రం రెండూ ఈ మాటనే బలపరుస్తాయి.

చెక్కను తినేది నీరు కాదు, నీటి ఆసరాతో పెరిగే శిలీంధ్రం. దానికి చెక్క, గాలి, వెచ్చదనం, తేమ అనే నాలుగూ ఉండాలి. మొదటి మూడూ మన తీరాల్లో ఏడాది పొడవునా దొరుకుతాయి. మన చేతిలో ఉన్నది నాలుగోది ఒక్కటే. పొడి చెక్క బరువులో తేమ 20 శాతం దాటకపోతే కుళ్లు సాగదు, 30 శాతం చేరువకు వస్తే జోరుగా సాగుతుంది. పూర్తిగా నీళ్లలో మునిగి ఉన్న చెక్కకు గాలి అందదు కాబట్టి అక్కడ శిలీంధ్రం పెరగలేదు. ఉప్పు కూడా దాన్ని అణచి ఉంచుతుంది. అందుకే పాత ఓడల్లో సముద్రంలో నానే అడుగు పలకలు గట్టిగా ఉండి, డెక్కు అంచులు, దూలాల చివరలు, ముందు కొయ్య తల, ఇనుప బిగింపుల కింది చెక్క మెత్తబడి కనిపిస్తాయి. బయటి ఉప్పునీటి కంటే పైనుంచి కారే వాననీరు ఓడకు పెద్ద శత్రువు. సూరత్‌లో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, అందులో దాదాపు అంతా జూన్, సెప్టెంబరు మధ్యే. మరమ్మతు మొదలుపెట్టి డబ్బు చాలక ఆగిపోయిన ఓడ డెక్కు విప్పి ఉండగా ఒక్క వర్షాకాలం గడిపితే, అంతకుముందు పదేళ్లలో రాని చేటు ఆ నాలుగు నెలల్లో వస్తుంది.

ఈ కుళ్లుకు తోడు ఓడ పురుగు ఉంది. టెరెడో అని పిలిచే ఈ జీవి పేరుకు పురుగే గానీ నిజానికి ఆల్చిప్పల కుటుంబానికి చెందినది. ఉప్పునీటిలో మునిగిన చెక్కలోకి సూదిమొన అంత రంధ్రంతో దూరి, లోపల వేలి లావు సొరంగాలు తవ్వుతుంది. పైకి పలక నున్నగా కనిపిస్తూనే లోపల డొల్ల అయిపోతుంది. అయితే అది మంచినీటిలో బతకలేదు, ఒడ్డున ఆరిన చెక్కలోనూ బతకలేదు. ఓడను ఒడ్డుకు చేర్చి నీడలో ఆరబెట్టామంటే శిలీంధ్రం, పురుగు రెండూ ఒకే ఖర్చుతో ఆగిపోతాయి. వెదుర్లు, సరుగుడు కర్రలు, టార్పాలిన్ చాలు. గాలి ఆడేలా పక్కలు తెరిచి, వాన జల్లు తగలకుండా చూరు బాగా కిందికి దించి వేసిన పందిరి వానలో డెక్కును కాపాడటమే కాదు, వేసవిలో పలకలు ఒక్కసారిగా ఎండి పగలకుండా కూడా చూస్తుంది. ఆపైన చేతిలో డబ్బు లేక పని ఏడాది ఆగినా ఓడ ఉన్నచోటే, ఉన్నట్టే ఉంటుంది. బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్లకు అన్నిటికంటే విలువైనది వ్యవధి. ఆ వ్యవధిని ఇచ్చేది పందిరి.

సూరత్ ఓడల పేరు వెనక ఉన్న కారణం కూడా ఇదే విషయం చెబుతుంది. 18వ శతాబ్ది మధ్యలో ఈ తీరాన్ని చూసిన ఇంగ్లిష్ రచయిత జాన్ హెన్రీ గ్రోస్, 1770లలో వచ్చిన డచ్ నావికుడు స్టావోరినస్ ఇద్దరూ సూరత్ ఓడల మన్నికను మెచ్చుకున్నారు. పలకలను ఒకదానిలోకి ఒకటి గాడితో దిగేలా బిగించే పద్ధతిని వాళ్లు ప్రత్యేకంగా గమనించారు. వంపు కర్రలను నిప్పుతో వంచకుండా, చెట్టులోనే సహజంగా వంగి పెరిగిన కొమ్మల నుంచి తీసేవారు. చెక్కకు నూనె పట్టించడం, అడుగుకు సున్నం పూయడం అక్కడి ఆచారం. మన్నిక టేకుదేనని చాలామంది అనుకుంటారు. టేకులోని సహజమైన నూనె నిజంగానే గొప్ప రక్ష. అయితే అదే టేకుతో కట్టినా, ఒడ్డున వదిలేసిన పడవలు చివరికి మట్టిలో కలిసిపోతాయి. సూరత్ ఓడను నిలబెట్టింది మంచి టేకు, నీరు దూరని అతుకు, క్రమం తప్పని పోషణ, మూడూ కలిసి. మొదటి రెండింటికి డబ్బు కావాలి. మూడోదానికి కావలసింది శ్రద్ధ. పాత ఓడను కాపాడాలనుకునేవారికి మొదటి రెండూ తాతల నాటి కానుకగా అప్పటికే ఓడలో ఉన్నాయి. వాళ్లు చెయ్యాల్సింది ఆగిపోయిన మూడోదాన్ని మళ్లీ మొదలుపెట్టడం.

ఈ సూరత్ పనితనం ఎంత కాలం నిలిచిందో చెప్పడానికి ఇప్పటికీ నీటి మీద తేలుతున్న సాక్ష్యం ఒకటి ఉంది. సూరత్‌లో పనిచేస్తున్న పార్సీ వడ్రంగి లవ్‌జీ నుసర్వాన్‌జీ వాడియాను ఈస్టిండియా కంపెనీ 1736 ప్రాంతంలో బొంబాయికి పిలిపించుకుంది. ఆ కుటుంబం తరతరాలుగా అక్కడ ఓడలు కట్టింది. వాళ్లు మలబారు టేకుతో కట్టి 1817 అక్టోబరు 12న నీళ్లలోకి దించిన యుద్ధనౌక ట్రింకోమలీ ఇప్పుడు ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో ఉంది. 1990లో మొదలైన దాని పునరుద్ధరణ 2001 వరకు, డబ్బు సమకూరిన కొద్దీ దశలవారీగా సాగింది. అంత పని జరిగాక కూడా దానిలో సగానికి పైగా చెక్క పాతదే. ఆ ఓడ అంతకుముందు పోర్ట్స్‌మత్‌లో ఉన్నప్పుడు దాని పక్కనే చాలా ఏళ్లు ఇంప్లకబుల్ అనే మరో పాత యుద్ధనౌక నిలిచి ఉండేది. 1805 నాటి ట్రఫాల్గర్ యుద్ధంలో పాల్గొన్న ఫ్రెంచి ఓడ అది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత దాని మరమ్మతు అంచనా భరించలేనంతగా పెరిగిపోయింది. 1949 డిసెంబరులో దాన్ని సముద్రంలోకి తీసుకెళ్లి ముంచేశారు. పనిని వాయిదా వేసుకుంటూ వచ్చిన కాలంలో కుళ్లు ఖర్చును పెంచేసింది. పాత ఓడ విషయంలో ఆలస్యానికి వడ్డీ ఉంటుంది. ఆ వడ్డీని ఆపే ఏకైక మార్గం తేమను ఆపడం.

పందిరి పడ్డాక రెండో పని ఆకారాన్ని నిలబెట్టడం. పాత ఓడకు ముందూ వెనకా తలలు కిందికి వాలి, నడుము పైకి ఉబ్బే జబ్బు సాధారణం. కింద సరైన ఆసరా లేకుండా ఒక పలక పీకినా ఆ వంకర శాశ్వతమైపోతుంది. కాబట్టి అడుగుదూలం పొడవునా దిమ్మెలు పేర్చి, పక్కల నుంచి ఆనుగుళ్లు పెట్టి, దారం లాగి వంపును కొలిచి, అప్పుడే ఉలి పట్టాలి. ఆ తర్వాత పరీక్ష. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. సన్నని ఆరతో గుచ్చితే కుళ్లిన చెక్క మెత్తగా దిగుతుంది. సుత్తి పిడితో తడితే గట్టి చెక్క టంగుమంటుంది, చెడిన చెక్క మొద్దుగా పలుకుతుంది. అక్కడక్కడా ఒకటి రెండు మేకులు ఊడదీస్తే వాటి నడుము సన్నబడిందా లేదా తెలిసిపోతుంది. వంపు కర్రల కింద నీరు పారడానికి విడిచిన కంతలు చెత్తతో పూడుకుపోయి ఉంటాయి, అక్కడే కుళ్లు మొదలవుతుంది. చెడిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టి, బొమ్మ గీసి, ఆ బొమ్మ మీదే అంచనా వెయ్యాలి. ఈ అంచనా వేశాక చేతిలో ఉన్న డబ్బులో మూడో వంతు పక్కన పెట్టుకోవడం వివేకం. పలకలు విప్పాక బయటపడే చెడు ఎప్పుడూ కళ్లకు కనిపించిన దానికంటే ఎక్కువే ఉంటుంది.

చెక్క మార్చేటప్పుడు పొదుపు అంటే కుళ్లిన మేరకే కోసి, గట్టి చెక్కను వదిలిపెట్టడం. పలక మొత్తం తియ్యకుండా, చెడిన ముక్కను తీసి కొత్త ముక్కను ఏటవాలు అతుకుతో కలపవచ్చు. ఆ ఏటవాలు పలక మందానికి ఎనిమిది నుంచి పన్నెండు రెట్ల పొడవు ఉంటే అతుకు పలకంత బలంగా నిలుస్తుంది. పక్కపక్క పలకల అతుకులు ఒకే వరసలో పడకూడదు. విరిగిన వంపు కర్రను పీకకుండా దాని పక్కనే కొత్తది జోడించి బిగిస్తే ఆకారమూ చెడదు, కూలీ కూడా తగ్గుతుంది. గుజరాత్ తీరంలో మాండ్వీ వడ్రంగులు వంపు కర్రలకు స్థానికంగా దొరికే తుమ్మను వాడతారు, దాని సహజమైన వంపే వాళ్లకు కావలసింది. పలకలకు మలేసియా నుంచి వచ్చే సాల్ వంటి గట్టి కలప వాడతారు. అంతా టేకే కావాలన్న పట్టుదల లేకుండా, ఎక్కడ ఏ కలప చాలునో తెలుసుకోవడం ఆ వడ్రంగుల నుంచి నేర్చుకోవాల్సిన పొదుపు. మేకుల దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. రాగి, ఇనుము ఒకే చోట కలిస్తే ఉప్పునీటిలో ఇనుము కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలును కూడా గాలి అందని తడి చెక్కలో తుప్పు గుట్టుగా తినేస్తుంది. పాత ఓడలో ఏ లోహం ఉందో అదే వాడాలి. ఇనుమైతే వేడి జింకులో ముంచి తీసినదే కొనాలి.

పలకల మధ్య సందులు మూయడం చివరి పెద్ద పని, దీన్ని తొందరపడి చేసి చెడగొట్టినవాళ్లే ఎక్కువ. సందులో నూలు కుక్కి, దాని మీద గుగ్గిలం, నూనె కలిపిన ముద్దో, ఇప్పటి రకం సీలెంటో పూస్తారు. నూలు తడిస్తే ఉబ్బి సందును బిగిస్తుంది. సూరత్ ఊళ్లో ఎటు చూసినా దారమే ఉన్నా, అందులో ఎక్కువ భాగం పాలియెస్టర్. అది నీరు పీల్చదు, ఉబ్బదు, ఈ పనికి పనికిరాదు. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడి మగ్గాల మీద తరాలుగా పనిచేస్తున్న పద్మశాలీ కుటుంబాలకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు. ఇంకో ప్రమాదం ఉంది. ఒడ్డున బాగా ఎండిన ఓడలో సందులు వెడల్పుగా తెరుచుకుంటాయి. అవి చూసి భయపడి సుత్తితో బలంగా నూలు దిగ్గొడితే, ఓడ నీళ్లలోకి దిగి పలకలు ఉబ్బినప్పుడు చోటు చాలక మేకులు తెగుతాయి, వంపు కర్రలు విరుగుతాయి. పందిరి కింద నెమ్మదిగా ఆరిన పలకల్లో ఈ ముప్పు తక్కువ. అంటే మొదట పెట్టిన ఆ చిన్న ఖర్చు చివరి పనిని కూడా కాపాడుతుంది.

ఈ ప్రాంతంలో తక్కువ డబ్బుకు సహాయపడే రెండు విషయాలున్నాయి. ఒకటి పోటు. ఖంభాత్ సింధుశాఖలో పోటుపాట్ల తేడా దేశంలోనే అత్యధికం. అమావాస్య, పౌర్ణమి పోట్లకు ఓడను గట్టు పైదాకా తేల్చి తెచ్చుకుని, నీరు తీశాక ఉన్నచోటే దిమ్మెల మీద నిలబెట్టవచ్చు. క్రేను అద్దె, డాకు అద్దె రెండూ మిగులుతాయి. సింధుశాఖ అవతలి ఒడ్డున ఉన్న ఆలంగ్‌లో 1983 నుంచి పెద్ద పెద్ద ఓడలను ఒడ్డుకెక్కించి విడగొట్టగలగడం వెనక ఉన్నదీ ఈ పోటే. రెండోది ఆ ఆలంగే. అక్కడ విప్పిన ఓడల నుంచి వచ్చే కప్పీలు, గొలుసులు, లంగర్లు, తాళ్లు, ఇత్తడి సామాన్లు రోడ్డు పొడవునా దుకాణాల్లో అమ్ముతారు. హజీరా నుంచి ఘోఘాకు 2020 నవంబరులో మొదలైన ఫెర్రీ వల్ల ఇచ్ఛాపూర్ వాళ్లకు సింధుశాఖ చుట్టూ తిరగకుండానే భావ్‌నగర్ వైపు చేరే దారి దొరికింది. అయితే పాత ఓడల సామాన్లలో సీసం కలిసిన రంగులు, ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. గీకే ముందు, కోసే ముందు అవి లేవని చూసుకోవాలి, ముక్కుకు రక్షణ ఉండాలి. ఊపిరితిత్తులను పణంగా పెట్టి మిగిల్చే డబ్బు పొదుపు కాదు.

ఇక అభ్యంతరాలు. అందరూ ముందు అడిగేది ఫైబర్ గురించే. కుళ్లిన చెక్క ఏరుకుంటూ కూర్చునే కంటే బయట అంతటా ఫైబర్ పూత వేస్తే పదేళ్లు నిశ్చింత కదా అంటారు. ఈ వాదనలో కొంత నిజముంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చెక్క పడవలకు ఫైబర్ కవచం వెయ్యడం మీద పరిశోధన చేసింది, ఆంధ్ర తీరంలో మరపడవలకు ఇలాంటి పూత వేయడం మామూలే. అయితే ఆ పద్ధతి పనిచేసేది పొడిగా, గట్టిగా ఉన్న చెక్క మీద. కుళ్లు ఉన్న చెక్క మీద పూత వేస్తే తేమ లోపల చిక్కుకుని, కనిపించకుండా పని కానిస్తుంది. టేకులోని నూనె వల్ల మామూలు పాలియెస్టర్ రెజిన్ సరిగా అతుక్కోదు. పలకలు విడివిడిగా ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటే గట్టి పొర పగులుతుంది. ఆ పగులులోంచి నీరు దూరితే బయటికి వచ్చే దారి ఉండదు. ఫైబర్ వెయ్యాలనుకున్నా ముందు ఆరబెట్టి, చెడిన చెక్క తియ్యక తప్పదు. అంటే ఆ వాదన కూడా తిరిగి పందిరి దగ్గరికే వస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇంత శ్రమ ఎందుకు, కొత్త ఫైబర్ పడవ చవగ్గా వస్తుంది కదా? చేపలు పట్టి బతకడానికే పడవ కావాలంటే ఈ మాట నూటికి నూరుపాళ్లు సరి. వేటకు వెళ్లే కుటుంబాన్ని పాత ఓడ మోజులో అప్పుల పాలు చెయ్యమని ఎవరూ చెప్పకూడదు. పాత ఓడను నిలబెట్టడానికి వేరే కారణాలుండాలి. అది ఒక పద్ధతికి మిగిలిన చివరి నమూనా కావచ్చు, విద్యార్థులకు పాఠం కావచ్చు, పర్యాటకుల పడవ కావచ్చు. ఆ వాడుక మీదే ఖర్చు ఆధారపడుతుంది. ఒడ్డున పందిరి కింద ప్రదర్శనకు నిలిచే ఓడకు నీరు దూరని సందులు అక్కర్లేదు, ఆకారం నిలిస్తే చాలు. మనుషులను ఎక్కించుకుని నదిలో తిరగాలంటే 2021 నాటి అంతర్గత జలరవాణా నౌకల చట్టం ప్రకారం సర్వే, రిజిస్ట్రేషన్ తప్పవు, ఆ ప్రమాణాలకు తగ్గ చెక్క, మేకులు, భద్రతా సామగ్రి కావాలి. వాడుక తేల్చుకోకుండా పని మొదలుపెట్టినవాళ్లు రెండు రకాల ఖర్చూ పెట్టి, ఏదీ పూర్తి చెయ్యలేక ఆగిపోతారు.

మూడోది కొందరు పండితులు లేవనెత్తేది. ఇన్ని పలకలు మార్చాక అది పాత ఓడ ఎలా అవుతుంది? పనిలో ఉన్న చెక్క ఓడ ఎప్పుడూ పలకలు మారుస్తూనే బతికింది. సూరత్ ఓడ నిండు నూరేళ్లు తిరిగిందంటే అందులో ప్రతి పలకా నూరేళ్లదని అర్థం కాదు. మిగలాల్సింది ఆకారం, అతుకు పద్ధతి, ఆ పని చెయ్యగల చేతులు. ఇక్కడే మన తెలుగు తీరం గుర్తుకు రావాలి. గోదావరి పాయ మీది కోరంగి ఒకప్పుడు బంగాళాఖాతంలో ఓడల తయారీకి, మరమ్మతుకు ప్రసిద్ధి. 1802లో ఎబనేజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు అక్కడ డాకు కట్టించాడు. 1839 నవంబరు తుపాను ఆ రేవును కూల్చేసింది, నది మేట వేసి మిగిలిన దాన్ని మూసేసింది. అయినా తాళ్లరేవు చుట్టుపక్కల చెక్క పడవలు కట్టే నేర్పు అంతటితో చావలేదు. వడ్రంగి కుటుంబాల్లో అది ఆ తర్వాత కూడా చేతి నుంచి చేతికి నడిచింది. ఆ నేర్పు పుస్తకంలో దాచుకునేది కాదు, బాడిస చేతిలో ఉన్నప్పుడే నిలిచేది. చేసే పని లేకపోతే ఒక తరంలో పోతుంది. పాత ఓడల మరమ్మతే ఆ వడ్రంగులకు ఇప్పుడు దొరకగల పని.

ఇలాంటి పనికి ప్రభుత్వ సాయం లేదని చెప్పలేం. చెక్కపలకలను కొబ్బరి పీచుతాళ్లతో కుట్టి కట్టే పురాతన పద్ధతిలో సాంస్కృతిక శాఖ, నౌకాదళం గోవాలో కట్టించిన ఓడ ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య 2025 మేలో నౌకాదళంలో చేరింది. కేరళ వడ్రంగులు దాన్ని కట్టారు. ఆ పద్ధతి ఇంకా బతికి ఉందని అది నిరూపించింది. లోథాల్‌లో జాతీయ నౌకా వారసత్వ సముదాయం రూపుదిద్దుకుంటోంది. కొత్తగా ఒక నమూనా కట్టడానికి పెట్టే ఖర్చులో చిన్న భాగం తాపీ, గోదావరి ఒడ్డున ఒరిగిపోతున్న నిజమైన ఓడల మీద పందిళ్లు వెయ్యడానికి పెడితే, ఎంతో చరిత్ర కరిగిపోకుండా ఉంటుంది. మరమ్మతు పథకాలు, నిధులు తర్వాత వచ్చినా సరే. ఈ మాట ఓడను కొన్న వ్యక్తికీ, గ్రామ యువజన సంఘానికీ, మ్యూజియం అధికారికీ ఒకేలా వర్తిస్తుంది. డబ్బు తక్కువైనవాళ్లు పాత ఓడను చూసి ముందు దిగులుపడేది చెక్క ధర తలచుకుని. నిజానికి వాళ్లు ముందు లెక్కించాల్సింది వచ్చే వర్షాకాలానికి ఎన్ని నెలలున్నాయో. ఆ నెలల్లో ఓడను ఒడ్డుకు చేర్చి, దిమ్మెల మీద నిలబెట్టి, పైన కప్పు వెయ్యగలిగితే, మిగతా పని అంతా తమ శక్తి కొద్దీ, తమ వేగంతో చేసుకోవచ్చు. అది వెయ్యలేనివాళ్లు ఎంత మంచి టేకు కొన్నా ఆ టేకు కూడా పాత చెక్కతో పాటే పోతుంది.